అభిప్రాయం: పాత స్ప్లెండర్‌కు 20 వేలు పెట్టే ముందు బ్యాటరీ లెక్క ఒకసారి చూడండి

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా చిన్నమ్మ కొడుకు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. షాపింగ్ యాప్‌లో కార్ట్ నిండా సామాన్లు. ప్రొజెక్టర్ ఎల్ఈడీ హెడ్‌లైట్, కింద రెండు ఫాగ్ లైట్లు, పొట్టి సైలెన్సర్, వెనక లావు టైరు, వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న మొబైల్ హోల్డర్, రేడియం స్టిక్కర్లు. వాడు ధర్మవరంలో పనికి పోయి రావడానికి 2010 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాడు. కిక్ మోడల్, స్పోక్ రిమ్ములు, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులు.

"అన్నా, ఇరవై వేలు పక్కన పెట్టినా. ఇవన్నీ వేపిస్తే ఎట్లుంటాది?"

"ముందు బ్రేకు లైనర్లు ఎప్పుడు మార్చినావో చెప్పు" అన్నా.

వాడి ముఖం చూడాల్సింది. సాఫ్ట్‌వేర్ అన్న, గ్యాడ్జెట్ల గురించి రాసే అన్న, ఏదో కొత్తది చెబుతాడనుకుంటే మెకానిక్ షెడ్డు ముసలాయన మాట మాట్లాడాడు.

ఈ సైట్‌లో మనం ఎప్పుడూ మాట్లాడుకునేది ఫోన్ల గురించే. ఈసారి బండి గురించి రాస్తున్నా. అయినా ఇది కూడా ఒక రకంగా బ్యాటరీ, చార్జింగ్ స్పీడ్ గురించిన రివ్యూనే. ఎందుకంటే వాడి కార్ట్‌లో ఉన్న సామాన్లలో సగం నేను 2018లో మా ఇంటి బండికి పెట్టించినవే. వాటి ఖరీదు నాకు డబ్బుల్లో కాదు, వేరేగా తెలిసింది.

మా బండి 2006 మోడల్ స్ప్లెండర్ ప్లస్, ఏపీ 02 నంబరు. మా నాయన దాన్ని 2012లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. బత్తలపల్లె చుట్టుపక్కల సేద్యగాళ్ల ఇళ్లలో ఉండే బండ్లలో ఎక్కువ ఇదే రకం. చెనక్కాయ మూటైనా, పాల క్యానైనా, స్ప్రేయర్ అయినా దీని మీదే. 97.2 సీసీ ఇంజన్, ఏడున్నర హార్స్‌పవర్ చుట్టూ బలం. ఈ ఇంజన్ వంశం హోండా కబ్ నుంచి వచ్చింది. ఆ సూపర్ కబ్ బండ్లు 2017 నాటికి ప్రపంచం మొత్తం మీద 10 కోట్లు తయారయ్యాయి. మనదేశంలో 1985లో సీడీ 100గా వచ్చి, 1994లో స్ప్లెండర్ అయింది. ఇంత పాత డిజైన్ ఇంకా రోడ్డు మీద ఉందంటే కారణం స్పీడు కాదు. ఏ పల్లెలోనైనా రెండు స్పానర్లు, ఒక సుత్తి ఉన్నవాడు దాన్ని విప్పి బిగించగలడు.

నేను అనంతపురంలో బీటెక్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా నాయన ఈ బండిని ఆరు నెలలు నా చేతికిచ్చాడు. ఆ ఆరు నెలల్లో చేయాల్సిన పిచ్చి పనులన్నీ చేశా. సైలెన్సర్ కోయించా. హ్యాండిల్ మార్పించా. 20 వాట్ల ఎల్ఈడీ లైట్ల జత ఆన్‌లైన్‌లో కొని, వైరింగ్ నేనే చేశా. ఇంజనీరింగ్ చదువుతున్నా కదా, ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో మార్కులు కూడా బాగానే వచ్చాయి. స్విచ్చు ఒకటి పెట్టి నేరుగా బ్యాటరీకి కలిపేశా. దాని పక్కనే 18 వాట్ల యూఎస్‌బీ చార్జర్. రాత్రి లైటు వేస్తే రోడ్డు పాలు పోసినట్టు కనపడేది. హాస్టల్లో అందరూ వచ్చి చూసిపోయారు.

తర్వాత బండి తిరిగి ఇంటికి పోయింది. అట్లే, లైట్లతో సహా.

అప్పట్లో సేద్యానికి త్రీఫేజ్ కరెంటు వంతులవారీగా వచ్చేది. రాత్రి వంతు పడితే మా నాయన రెండింటికో మూడింటికో లేచి బోరు మోటరు వేయడానికి చేనికి పోవాలి. దారిలో హైవే దాటాలి. అనంతపురం నుంచి కదిరి మీదుగా మదనపల్లె వైపు పోయే నేషనల్ హైవే 42 మా ఊరి మీదుగానే పోతుంది. రాత్రిళ్లు లారీలు ఆగకుండా వస్తాయి. కొత్త లైట్ల వెలుతురు బాగుందని మా నాయన కూడా వాటినే వేసుకుని తిరిగేవాడు. పదిహేను నిమిషాలు పోవడం, చేను దగ్గర గట్టు కనపడాలని బండి ఆపి లైటు అట్లే పెట్టుకోవడం, మళ్లీ పదిహేను నిమిషాలు రావడం.

ఒక తెల్లవారుజామున రోడ్డు దాటుతుంటే పక్క నుంచి మినీ లారీ ఒకటి మలుపు తిరుగుతోంది. డ్రైవరు ఇటు చూడలేదు. మా నాయన హారన్ నొక్కాడు, పలకలేదు. బండిని పక్కకు తిప్పి కంకర మీద జారి పడ్డాడు. ఎడమ చేయి మణికట్టు విరిగింది. లారీ ఆగలేదు, అసలు దానికి తెలిసి కూడా ఉండదు. ఊర్లోనే ఆర్‌డీటీ ఆసుపత్రి ఉండబట్టి గంటలో కట్టు పడింది.

నేను బస్సెక్కి ఇంటికి వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను తిట్టలేదు. "హారన్ పలకలేదురా, ఎందుకో చూడు" అన్నాడంతే. ఆయనకు నా వైరింగ్‌కూ హారన్‌కూ సంబంధం ఉందని తెలియదు. ఆ మాటకొస్తే బండి తీసి మల్టీమీటర్ పెట్టేదాకా నాకూ తెలియదు.

ఇప్పుడు ఆ లెక్క చెప్తా. ఫోన్లు చూసేవాళ్లకు ఇది చాలా ఈజీగా అర్థమవుతుంది. ఆ కిక్ మోడల్ స్ప్లెండర్‌లో ఉండేది 12 వోల్టులు, 2.5 ఆంపియర్ అవర్ బ్యాటరీ. గుణిస్తే 30 వాట్ అవర్. మీ జేబులో ఉన్న 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ 3.85 వోల్టుల లెక్కన 19 వాట్ అవర్ పైన ఉంటుంది. అంటే వంద కేజీలు దాటిన బండిలో ఉన్న కరెంటు మీ ఫోన్‌కు ఒకటిన్నర రెట్లు. అంతే! దానికి నేను 20 వాట్ల లైట్లు, 18 వాట్ల చార్జర్ తగిలించా. రెండూ ఒకేసారి వాడితే, చార్జింగ్ ఏమీ ఎక్కకపోతే, కాగితం మీద కూడా గంట రాదు.

"బండి నడుస్తుంటే చార్జ్ అవుతుంది కదా" అని మీకు డౌట్ రావచ్చు. నాకూ అదే ధైర్యం. కానీ ఆ బండిలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద నడవదు. 35 వాట్ల బల్బుకు కరెంటు స్టేటర్ నుంచి రెగ్యులేటర్ మీదుగా నేరుగా, ఏసీగా వస్తుంది. అందుకే స్లోగా పోతే లైటు మంద్రంగా, రైజ్ చేస్తే బాగా వెలుగుతుంది. ఆ రోజుల బండ్లు నడిపినవాళ్లకు ఇది తెలుసు. బ్యాటరీ పని హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు చూసుకోవడం. ఎప్పుడో ఒకసారి వాడేవి కాబట్టి దానికి ఎక్కే చార్జింగ్ కూడా సన్నధారే, ఎండాకాలంలో మా బోరు పోసినట్టు. ఆ ధార మీద నేను మడి కట్టబోయా.

ఇంకొక సంగతి ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. బ్యాటరీ చచ్చిపోయినా ఈ బండి కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. స్పార్క్‌కు కావాల్సిన కరెంటు స్టేటర్‌లోనే వేరే కాయిల్ నుంచి వస్తుంది, బ్యాటరీతో పని లేదు. ఫోన్ అయితే 15 శాతం దగ్గర ఎర్రగా చూపిస్తుంది, 1 శాతం దగ్గర బతిమాలుతుంది. బండి ఏమీ చెప్పదు. మామూలుగా నడుస్తూనే ఉంటుంది. హారన్ లేదు, ఇండికేటర్ లేదు, వెనకవాళ్లకు బ్రేక్ లైటు లేదు. నడిపేవాడికి అవసరం పడే క్షణం దాకా తెలియదు.

దీన్ని సరిగ్గా చేసే పద్ధతి లేదా అంటే, ఉంది. స్టేటర్ కాయిల్ ఎర్త్ విడదీసి, ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ రెగ్యులేటర్ వేసి, పెద్ద బ్యాటరీ పెట్టి, లైట్లకు రిలే, ఫ్యూజ్ ఇచ్చి చేయొచ్చు. చేయడం వచ్చినవాళ్లు చేస్తారు. కానీ అప్పుడు మా ఊరి మెకానిక్ అన్నకు ఆ వైరింగ్ అర్థం కాదు. నేను బెంగళూరులో ఉంటా. రాత్రి రెండింటికి వైరు తెగితే మా నాయన ఎవరిని అడగాలి? నా వరకు పాత బండి అప్‌గ్రేడ్‌కు ఇదే అసలు టెస్ట్. మీరు లేనప్పుడు దాన్ని ఊర్లో ఎవరైనా బాగుచేయగలరా? చేయలేరంటే అది ఎంత మెరిసినా డౌన్‌గ్రేడే.

2016లో గూగుల్ ప్రాజెక్ట్ అరాను మూసేసినప్పుడు మనలో చాలామంది బాధపడ్డాం గుర్తుందా? కెమెరా, బ్యాటరీ, స్పీకర్ అన్నీ విడివిడిగా తీసి మార్చుకునే ఫోన్. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ కమిటీ వేసి, పోర్టల్ పెట్టినప్పుడు ఇక్కడే ఎంత సంబరపడ్డాం! ఆ రెండూ ఏవైతే ఇస్తామన్నాయో అవి మా ఇంటి ముందు 2012 నుంచి స్టాండ్ వేసి నిలబడే ఉన్నాయి. నేనే వాటిని పాడుచేశా.

సరే, లైట్లు పీకేశాక ఏం చేశామో చెప్తా. పాత హెడ్‌లైట్ ఎందుకు అంత గుడ్డిగా ఉందో అసలు ఎవరూ చూడలేదు. హోల్డర్ తుప్పు పట్టింది, ఎర్త్ వైరు వదులైంది, రిఫ్లెక్టర్ మసకబారింది. కొత్త హోల్డర్, కొత్త డూమ్, మంచి కంపెనీ 35 వాట్ల బల్బు. అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. ఎల్ఈడీ అంత వెలుతురు రాదు, అబద్ధం చెప్పను. కానీ ఎదురొచ్చేవాడి కళ్లలో కొట్టదు, రోడ్డు మీద పడాల్సిన చోట పడుతుంది.

తర్వాత టైర్లు. టైరు పక్కన ఒక కోడ్ ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లో అడుగుతాం కానీ సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇది చూడం. మా బండి వెనక టైరు 2011ది! గాడులు ఉన్నాయి కాబట్టి బాగుందనుకున్నాం. రబ్బరు ఎండిపోయి పలకలాగా అయింది. కంకర మీద అంత సులువుగా జారడానికి అదీ ఒక కారణమై ఉంటుంది. కంపెనీ సైజులోనే, 2.75-18, రెండూ కొత్తవి వేయించాం. లావు టైరు వేయించలేదు. ఏడున్నర హార్స్‌పవర్ బండికి లావు టైరు వేస్తే పికప్ పోతుంది, మైలేజీ పోతుంది, కొన్నిసార్లు చైన్ కవర్‌కు రాసుకుంటుంది. మిగిలేది ఫొటోలే.

ట్యూబ్‌లెస్ విషయంలో మాత్రం మా తమ్ముడి వైపే నేను. మా దగ్గర రోడ్ల పక్కన మొత్తం కంప చెట్లే, కంప ముల్లు చెప్పు అడుగును కూడా వదలదు. ట్యూబ్ టైరుకు దిగితే నిమిషాల్లో గాలి పోతుంది, ట్యూబ్‌లెస్ అయితే షాపు దాకా పోవచ్చు. కాకపోతే అల్లాయ్ వీల్ అన్నంత మాత్రాన ట్యూబ్‌లెస్ కాదు, రిమ్ మీద ట్యూబ్‌లెస్ అని అచ్చు ఉండాలి. లేనిదానికి వేసి, గాలి ఎందుకు నిలవడం లేదని నన్ను అడగొద్దు.

బ్రేకు లైనర్లు, బ్రేకు కేబుల్, కోన్‌సెట్, ఫోర్క్ ఆయిల్, వెనక షాక్ అబ్జార్బర్లు, చైన్ స్పాకెట్. ఇవన్నీ ఒకేసారి కాదు, ఏడాదిన్నరలో ఒక్కొక్కటిగా మార్చాం. బయటికి ఒక్కటీ కనపడదు. హాస్టల్లో ఎవరూ వచ్చి చూడరు. కానీ మొదటిసారి మా నాయన దాన్ని నడిపి వచ్చి, "ఇంజన్ ఏమన్నా పని చేపిచ్చినావా?" అని అడిగాడు. ఇంజన్ ముట్టుకోలేదు. కోన్‌సెట్ మార్చితే హ్యాండిల్ ఊగడం ఆగింది, చైన్ మార్చితే జర్క్ పోయింది, ఎయిర్ ఫిల్టర్ మార్చితే ఊపిరి ఆడింది. మా నేల మీద ఎయిర్ ఫిల్టర్ గురించి కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క నమ్మొద్దు. ఎండాకాలంలో చేల దారుల్లో తిరిగే బండికి అది సగానికే మూసుకుపోతుంది. చైన్‌కు ఆయిల్ ఎక్కువ పూసినా ఇబ్బందే. ఎర్రమట్టి అంటుకుని సానపట్టే పేస్టులాగా తయారై స్పాకెట్ పళ్లు తినేస్తుంది. తుడిచి, కొంచెంగా పూయాలి.

ఇక సైలెన్సర్. 2021లో బండికి 15 ఏళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కు పోవాల్సి వచ్చింది. కోయించిన సైలెన్సర్, మార్చిన హ్యాండిల్‌తో పోతే పని కాదని ముందే చెప్పారు. పాత సామాన్లు పారేశాం కాబట్టి రెండూ మళ్లీ కొన్నాం. కోయించడానికి ఒకసారి, అతికించడానికి ఒకసారి డబ్బులు కట్టిన తెలివి నాది. చట్టం సంగతి చాలామందికి తెలియదు. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మా తమ్ముడి కార్ట్‌ను ఆ లెక్కన కూడితే జరిమానా సామాన్ల ఖరీదును దాటేసేలా ఉంది.

"మరి పాతదానికి ఇంత ఖర్చెందుకు, కొత్తదే కొనొచ్చు కదా" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా కొత్త బండ్లన్నిటికీ కాంబీ బ్రేకు తప్పనిసరి, మా 2006 బండికి ఆ సౌకర్యం ఎంత ఖర్చు పెట్టినా రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కూడా. ఛాసిస్ తుప్పు పట్టినా, ఇంజన్ బోరుకు వచ్చినా నేనైతే అక్కడితో ఆపేస్తా. అవి రెండూ బాగుంటే మాత్రం ఏడాదికి మూడు నాలుగు వేలతో నడిచే బండిని వదిలి ఈఎంఐ నెత్తిన పెట్టుకోవాల్సిన పని సేద్యం ఇంట్లో కనపడదు. వాన పడని ఏడాది కూడా ఈఎంఐ పడుతుంది.

పాత బండి ఉంచుకునేవాళ్లు ఇష్టం లేకున్నా చేయాల్సిన అప్‌గ్రేడ్ ఇంకొకటి వచ్చింది. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. మన కార్బురేటర్ బండ్లు దాని కోసం తయారు కాలేదు. ఇలాంటి టూవీలర్లలో మైలేజీ 3-4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. నాకు మైలేజీ కన్నా రబ్బరు గురించే ఎక్కువ భయం. పెట్రోల్ పైపు, కార్బురేటర్ ఓ-రింగులు గట్టిపడ్డాయేమో చూపించి మార్పించండి. వందల్లో పోయే పని. బండిని నెలల తరబడి ట్యాంకు నిండా పోసి పక్కన పెట్టకండి.

మొబైల్ హోల్డర్ గురించి గ్యాడ్జెట్ సైట్‌లో రాయకపోతే బాగుండదు కాబట్టి ఒక మాట. మోటార్‌సైకిల్ వైబ్రేషన్ వల్ల కెమెరా ఓఐఎస్ దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లో తన సపోర్ట్ పేజీలోనే హెచ్చరించింది. అది పెద్ద ఇంజన్ల గురించే ఎక్కువ. చిన్న బండ్లకు కూడా డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడమంది. ధర్మవరం దారి తెలియనివాడెవడు? ఫోన్ జేబులో పెట్టుకోమన్నా.

అన్నట్టు, ఆ బండికి నేను చేసిన బెస్ట్ అప్‌గ్రేడ్ బండికి చేసింది కాదు. ఉద్యోగం వచ్చిన ఏడాది బోరు దగ్గర సిమ్ కార్డుతో పనిచేసే మోటరు స్టార్టర్ పెట్టించా. మా నాయన మంచం మీద నుంచే ఫోన్ చేసి మోటరు వేస్తాడు, ఆపుతాడు. రాత్రి హైవే దాటే పనే తప్పింది. డిజైన్ చూస్తే మన సైట్‌లో ఐదుకు రెండు స్టార్లు కూడా ఇవ్వరు. వర్షానికి ప్లాస్టిక్ కవరు కట్టాల్సి వచ్చింది.

మా తమ్ముడి విషయానికొస్తే, మరుసటి రోజు పొద్దున బండి మెకానిక్ అన్న దగ్గర విప్పించాం. ముందు లైనర్లు ఇనుముకు వచ్చేశాయి. వెనక టైరు కోడ్ చూస్తే 2014. లైనర్లు, కేబుళ్లు, రెండు టైర్లు, ట్యూబులు, చైన్ స్పాకెట్, హెడ్‌లైట్ డూమ్, బ్యాటరీ, పెట్రోల్ పైపు, కూలీ అన్నీ కలిపి 8,000కు కొంచెం అటూ ఇటూ అయింది. కార్ట్‌లో ఉన్నవన్నీ తీసేశాడు, రేడియం స్టిక్కర్లు తప్ప. రాత్రిపూట వెనక నుంచి వచ్చేవాడికి బండి కనపడుతుంది కాబట్టి వాటికి నేను అడ్డు చెప్పలేదు. మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్ కొనమన్నా. ప్రస్తుతానికి బ్లూటూత్ ఉన్నది కావాలా, లేనిది కావాలా అన్న దగ్గర ఆగి ఉంది వ్యవహారం.